నేను తుడిచేసిన మాటలు

నాకు కాలు ఒకచోట నిలవదు. చేతులు అంతకంటే అన్యాయం. ఎవరింటికైనా వెళ్తే కాఫీ తాగి ఊరుకోను. నా గ్లాసు కడిగి, పక్కవాళ్ళ గ్లాసులూ కడిగి, వీలు చిక్కితే వాళ్ళ స్టవ్ గట్టు కూడా తుడిచి వస్తాను. మా అమ్మ దీన్ని పనితనం అని నలుగురికీ చెప్పుకునేది. మా ఆయన వేరే మాట వాడతాడు, అది ఇక్కడ రాయను. ఏ పనైనా సగంలో కనబడితే నాకు ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టు ఉంటుంది. దాన్ని ముగించి, తుడిచి, మూత పెడితే తప్ప ఊపిరాడదు. ఈ స్వభావంతో చాలా పనులు చేశాను, ఒక పాడుపని కూడా చేశాను. చెప్పబోయేది దాని గురించే.

చిట్టమూరు దాటి సరస్సు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. లెక్కలు వచ్చినవాళ్ళకి కంప్యూటర్లు కూడా వచ్చే ఉంటాయని మా హెడ్మాస్టర్ గారి నమ్మకం. అందుకని కంప్యూటర్ గది తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. ఆ గదిలో పది కంప్యూటర్లు. ముత్తుకూరు దగ్గర పోర్టు పనులు చూసే ఒక ఆఫీసు వాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి మాకు ఇచ్చారు. వ్యానులోంచి దించినప్పుడు వాటి వెనక సందుల్లో బొగ్గు ధూళి నల్లగా పేరుకుని ఉంది. పాత చీర చింపి, తడిపి, పదింటినీ నేనే తుడిచాను.

యంత్రాలు ఇచ్చారు గానీ, వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదు. నాయుడుపేటలో రిపేరు షాపు అతను ఎవరిదో కాపీ తెచ్చి పదింటిలోనూ ఎక్కించి, "అందరూ చేసేదే మేడమ్" అన్నాడు. కొన్ని నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత తెర నల్లబడి, మూలన ఇది అసలుది కాదని ఇంగ్లీషులో ఒక వాక్యం రావడం మొదలైంది. ఏడో తరగతి పిల్ల ఒకతె రోజూ దాన్ని కూడబలుక్కుని చదివి, "టీచర్, మనం దొంగలమంట!" అని కేక పెట్టేది. పక్కవాడి పేపరులోకి చూస్తే చెవి మెలేసే టీచర్ని నేను. ఆ కేక విన్నప్పుడల్లా నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

పదింటికీ అసలుది కొనాలంటే ఎంతవుతుందో రాయించి తెస్తే, హెడ్మాస్టర్ గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. దాని సంగతి అక్కడితో ముగిసింది. తర్వాత నెల్లూరులో జరిగిన టీచర్ల శిక్షణలో ఒక లెక్చరర్ వచ్చి, ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాడు. ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, పాత యంత్రాల మీద కూడా నడుస్తుంది, దొంగతనం కాదు. ఆయన మాట పూర్తయ్యే దాకా కూర్చోవడం నాకు ప్రాణసంకటం అయింది. భోజనాల వేళకే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, ఆయన ఫోన్ నంబరు రాసుకుని, సాయంత్రం బస్సులో దాన్ని గుప్పిట్లో పట్టుకుని వచ్చాను.

"చెయ్యండి మేడమ్, మంచి పనే. కాకపోతే ఎవరెవరివి ఏమేం ఉండాయో ముందు తీసి పెట్టుకోండి" అన్నారు హెడ్మాస్టర్ గారు.

రెండో శనివారం సెలవు. స్కూల్లో నేనూ, వరండా ఊడ్చే ఆయమ్మా తప్ప ఎవరూ లేరు. ముందు ఒకటో నంబరు కంప్యూటర్‌ని మార్చేశాను. మిగతా వాటిలో ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఒకటో నంబరులో తెరుచుకుంటున్నాయో లేదో చూసి, అప్పుడే ఆ కంప్యూటర్‌ని తుడుస్తూ వచ్చాను. ఇంత జాగ్రత్తగా చేస్తున్నానని నా మీద నాకే ముచ్చటేసింది. పదో తరగతి పిల్లల జాబితాలు తెరుచుకున్నాయి. సైన్సు ప్రాజెక్టులు, పంద్రాగస్టు ఫోటోలు తెరుచుకున్నాయి. నాలుగో నంబరులో ఒక్క ఫైలే ఉంది, పేరు నాలుగు 'a'లు. తెరిచాను. ముప్పై పేజీల నిండా చెత్త. ఇంగ్లీషు అక్షరాలు, కొన్నిటి నెత్తిన చుక్కలు, కొన్నిటికి తోకలు, మధ్యమధ్య డాలరు గుర్తులు, కొటేషన్లు.

అంతకు ముందు ఏడాది ఒక వైరస్ పట్టి మా స్కూలు ఫైళ్ళు సగం ఇలాగే చెడిపోయాయి. మళ్ళీ అదే అనుకున్నాను. మిగతా తొమ్మిదింటికి అంటుకుంటుందన్న భయంతో ఆ ఫైలుని తీసేసి, పెన్‌డ్రైవ్ కూడా శుభ్రంగా తుడిచి, దాని నిండా పిల్లల వీడియో పాఠాలు నింపేశాను.

ఆ కంప్యూటర్ మీద మధ్యాహ్నాలు మా తెలుగు అయ్యవారు కూర్చుంటారని నాకు తెలుసు. ఫోను చేసి అడుగుదామని చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆయన ఆ రోజు కావలిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు. పెళ్ళి గోలలో ఆయనకి వినబడదు, వినబడినా ఒక మాటకు నాలుగు మాటలు చెబుతారు, నాకు ఇంకా ఆరు కంప్యూటర్లు మిగిలి ఉన్నాయి. ఫోను బల్ల మీద పెట్టేశాను. సాయంత్రం నాలుగింటికి పదీ తళతళలాడాయి. ఆయమ్మకి కూడా చూపించాను. "బాగుండాయమ్మా" అంది పాపం, ఏం చూడాలో తెలియక.

సోమవారం పిల్లల సంబరం చెప్పనలవి కాదు. తెర మీద దొంగ మాట లేదు. జామెట్రీ నేర్పే సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాన్ని మౌసుతో పట్టి లాగుతుంటే కోణాలు మారుతున్నాయి, మూడూ కలిపితే మాత్రం నూట ఎనభయ్యే. నేను నల్లబల్ల మీద ఇన్నేళ్ళు అరిచినా ఎక్కనిది వాళ్ళకి పావుగంటలో ఎక్కింది. హెడ్మాస్టర్ గారు గుమ్మంలో నిలబడి చూసి, ప్రార్థన సమయంలో నా పేరు చెబుతానన్నారు. నేను నేల మీద లేను.

మధ్యాహ్నం అయ్యవారు టిఫిన్ క్యారియర్ కడుక్కుని, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నాలుగో నంబరు ముందు కూర్చున్నారు. కాసేపు తెర వైపు చూసి, "మాటలది యాడుండాదమ్మా?" అన్నారు.

"ఏ మాటలది సార్?"

అప్పుడు చెప్పారు. ఎనిమిదేళ్ళుగా ఆయన ఆదివారాలు సరస్సు ఒడ్డు పల్లెలకి వెళ్తున్నారట. వేటకి పోయేవాళ్ళ దగ్గర, చేపలు అమ్మే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు వాడే మాటలు చిత్తు కాగితాల మీద రాసుకొస్తున్నారట. వలల పేర్లు, పడవలో భాగాలు, చేపల నడకలు, గాలులు, నీళ్ళు. ఒక్కో మాటకి ఒక అంకె, దాని పక్కన అర్థం, చెప్పినవాళ్ళెవరో, ఎప్పుడు వాడతారో. గూడూరులో పెళ్ళిపత్రికలు వేసే డీటీపీ సెంటర్‌లో కూర్చుని టైపు నేర్చుకున్నారట. రెండు నెలల్లో రిటైరవుతున్నారు. పోయేలోగా దాన్ని పుస్తకంగా చేసి స్కూలుకి ఇచ్చిపోవాలని ఆయన కోరిక.

ఆయన అక్కడ కూర్చుని యూనియన్ ఉత్తరాలు కొడుతున్నారనుకున్నాను నేను. ఒక్కసారీ ఆయన భుజం మీదుగా తొంగి చూడలేదు.

"తెలుగు ఫైలు ఏదీ లేదు సార్. అన్నీ తెరిచి చూశాను. మీరు వేరేచోట పెట్టి ఉంటారు" అన్నాను. అబద్ధం కాదు. నాకు నిజంగా అలాగే అనిపించింది.

"ఇందులోనే పెట్టినానమ్మా."

"కాగితాలు ఉన్నాయి కదా?"

"టైపు కొట్టినాక పిల్లోళ్ళకి చిత్తుపనికి ఇచ్చేసినా. కంప్యూటర్లో ఉంటే భద్రం అని నువ్వే కదా చెప్పినావు."

అన్నాను, గుర్తుంది. స్టాఫ్ రూములో కాగితాలు గాలికి ఎగురుతుంటే, ఆ చెత్త భరించలేక అన్నాను.

ఆ వారం అంతా ఆయన వెతికారు. పది కంప్యూటర్లలో ప్రతిదాని ముందూ కూర్చుని, మౌసు మీద ఒక వేలు పెట్టి, ఒక్కొక్కటే తెరిచి చూశారు. ఇంట్లో ట్రంకు పెట్టె దించి చూశారు. గూడూరు డీటీపీ సెంటర్‌కి పోయి అడిగి వచ్చారు. ఆయన అలా వెతుకుతుంటే నాకు స్థిమితం ఉండేది కాదు. తేలని విషయం కళ్ళముందు తిరుగుతుంటే నాకు పిచ్చెక్కుతుంది. దాన్ని ముగించేయాలనిపించి, గురువారం స్టాఫ్ రూములో అందరి ముందు నవ్వుతూ అన్నాను.

"రిటైర్మెంట్ ముందు అందరికీ ఇలాగే ఉంటుంది సార్. మరుపు సహజం. చేద్దామనుకుని ఉంటారు, చేశాననుకుంటున్నారు."

ఆయన కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో కూడా అంటా ఉండారమ్మా. గేటుకు తాళం వేసి మళ్ళా మళ్ళా చూస్తా ఉండానని" అన్నారు. శుక్రవారం సగం రోజు సెలవు పెట్టారు.

ఆదివారం మా చర్చిలో స్త్రీల సమాజం కూడిక. కార్యక్రమం కాగితం ప్రింటు తీసే పని ఎప్పుడూ నాదే. పాస్టరమ్మ గారు ఫైలు పంపారు. ఆరాధన మొదలవడానికి ముందు పక్కగదిలో నా లాప్‌టాప్ తెరిచాను. అందులోనూ ఆ ఉచిత సాఫ్ట్‌వేరే. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలు, తోకలు, డాలరు గుర్తులు.

"అమ్మగారూ, మీ ఫైలుకు వైరస్ పట్టింది" అన్నాను.

ఆవిడ నా భుజం మీదుగా చూసి నవ్వారు. "వైరసు కాదు తల్లీ, తెలుగే. డీటీపీ వాళ్ళ పాత అక్షరాలు. ఆ అక్షరాలు నీ దాంట్లో లేకపోతే ఇట్టనే పిచ్చిగీతల మాదిరి కనబడతాయి. అవి ఎక్కించుకుంటే చక్కంగా వచ్చేస్తాయి."

నాలుగో నంబరులో నేను చూసిన ఆ ముప్పై పేజీలు కళ్ళముందుకు వచ్చాయి. ప్రతి వరుసకీ ముందు ఒక అంకె ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్షరాలన్నీ చెదిరిపోయినా అంకెలు మాత్రం ఒక్కటి తప్పకుండా వరుసలో ఉన్నాయి. వైరస్ ఎక్కడైనా అంకెలు వరుసగా వేస్తుందా? లెక్కల టీచర్ని, అంకెలు చూసి కూడా ఆగలేదు.

ఆ రోజు ఏ వాక్యం చదివారో, ఏం ప్రసంగించారో నాకు తెలియదు. అందరూ కూర్చున్నప్పుడు నేను నిలబడే ఉన్నానని వెనక వరుస అక్క చీర కొంగు పట్టుకుని లాగింది. బయటికి వచ్చి నెల్లూరులో శిక్షణ ఇచ్చిన లెక్చరర్‌కి ఫోను చేశాను. "ముందు ఆ కంప్యూటర్‌ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి మేడమ్" అన్నాడు. తుడిచినంత మాత్రాన పోదట. దాని మీద కొత్తది పడినప్పుడే పాతది పోతుందట. పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ కూడా ఉందట, అదీ ఉచితమే.

వారం రోజులుగా పిల్లలు నాలుగో నంబరులో ఏనుగు బొమ్మలు, పువ్వుల బొమ్మలు గీసి దాచుకుంటున్నారు.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళి దాని మీద 'పాడైంది' అని కాగితం అంటించాను. వెతికే పని మొదలుపెట్టి పదో తరగతికి వెళ్ళాను. త్రికోణమితి చెబుతూ మధ్యలో మూడుసార్లు కంప్యూటర్ గదికి పరుగెత్తాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజే హెడ్మాస్టర్ గారు మాటల్లో చెప్పారు, శుక్రవారం అయ్యవారు సెలవు పెట్టింది గూడూరులో డాక్టరుకి చూపించుకోవడానికట. మతిమరుపు వస్తోందేమోనని. డాక్టరు ఏవో అంకెలు వెనక నుంచి ముందుకు చెప్పమన్నాడట, వారాల పేర్లు చెప్పమన్నాడట.

అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. స్టాఫ్ రూము గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన సుద్దముక్కల డబ్బా సర్దుకుంటున్నారు. ఏమైనా దొరికాక, దాన్ని చేతిలో పెట్టి చెబుదాం అనుకుని వెనక్కి తిరిగాను. పిరికితనం అది. పని ముగించి చెబుతున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, ఉత్త పిరికితనం. అలా ఇంకో మూడు రోజులు, తన బుర్ర పాడైపోతోందన్న భయంతో ఆయన్ని ఉండనిచ్చాను.

వేలకొద్దీ తుక్కు ముక్కలు బయటపడ్డాయి. ఒక్కదానికీ పేరు లేదు. కానీ ఇప్పుడు నాకు పిచ్చిగీతలంటే ఏమిటో తెలుసు. చుక్కలూ తోకలూ కనబడిన ముక్కనల్లా పక్కన పెట్టాను. ఆ పాత అక్షరాలని మామూలు తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ లెక్చరరే పంపాడు. గురువారం మూడో పీరియడ్ ఖాళీలో మొదటి ముక్క మార్చాను. ఒత్తులు కొన్ని ఊడాయి, దీర్ఘాలు పక్క అక్షరానికి అంటుకున్నాయి. అయినా తెలుగే.

చదవడం మొదలుపెట్టి కదలకుండా కూర్చుండిపోయాను. నాకు నీళ్ళు ఎక్కే పోటు తెలుసు, తగ్గే పాటు తెలుసు. ఆ రెంటి మధ్య నీళ్ళు ఎటూ కదలకుండా నిలబడే కాసేపటికి ఒక మాట ఉందని తెలియదు. పడవలు ఒడ్డుకు వచ్చాక, వేలంపాట మొదలయ్యే లోపు, ఆడవాళ్ళు బుట్టలు పక్కన పెట్టుకుని ఊరికే కూర్చునే సమయానికి ఒక మాట ఉంది. వల లాగేవాడి అరచేతిలో కాయలు కాచే చోటికి ఒక మాట ఉంది. ఆ మాటలు ఇక్కడ రాయను, అవి నావి కావు. వాటి పక్కనే, ఎవరు చెప్పారో, ఆ రోజు ఏం జరిగిందో, బడిలో వ్యాసంలాగా కాకుండా పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు రాసుకున్నారు ఆయన. ఇంత బాగా రాయగలిగిన మనిషితో ఎనిమిదేళ్ళు ఒకే బల్ల మీద అన్నం తిన్నాను, ఏమీ ఎరగను.

ఒకటి నుంచి రెండు వందల పదకొండు దాకా దొరికాయి. రెండు వందల యాభై నాలుగు నుంచి చివరి దాకా దొరికాయి. మధ్యలో నలభై రెండు మాటలు లేవు. వాటి మీద ఏనుగులూ పువ్వులూ పడ్డాయి.

ఆ సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, ఫోను చేతిలోకి తీసుకుని బల్ల మీద పెట్టేసిన సంగతి కూడా దాచకుండా చెప్పాను. ప్రింటు తీసిన కాగితాలు చేతికిచ్చాను. ఆయన వాటిని చూడలేదు. నా వైపే చూస్తూ ఉన్నారు.

"ఆదివారం తెలిసిందా నీకు?"

"అవును సార్."

"ఇయ్యాల గురువారం."

నేను తల ఊపాను.

"ఫైలు పోతే పోయినాది. తెలీక చేసినావు. కానీ నన్ను పిచ్చోణ్ణి చేసినావు కదమ్మా. డాక్టరు ముందర కూచోని ఆదివారం, శనివారం, శుక్రవారం అని అప్పజెప్పినా. ఇంటావిడ బయట బెంచీ మీద ఏడస్తా ఉండాది."

బస్సు వచ్చింది. ఆయన ముందు తలుపు ఎక్కారు, నేను వెనక తలుపు ఎక్కాను. ఆయన తల వెనకభాగం చూస్తూ కూర్చుని, ఏడుపు ఆపుకోవడానికి కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. ఆయన దిగేటప్పుడు కాగితాలు మాత్రం చంకలో జాగ్రత్తగా పెట్టుకున్నారు.

తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. బల్ల మీద నా వైపు మజ్జిగ గిన్నె జరిపేవారు గానీ మాట్లాడేవారు కాదు. ఇంట్లో గిన్నెలు రెండేసిసార్లు తోమేదాన్ని. పదకొండో రోజు ఆయనే ఎర్రసిరాతో తప్పులు దిద్దిన ఆ కాగితాలు నా ముందు పెట్టి, "ఇవి సరిచెయ్యి. పోయినవి మళ్ళా అడిగేదానికి పోతా ఉండా, ఆదివారం" అన్నారు. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు.

పోయిన నలభై రెండూ గాలుల గురించి, నీళ్ళ రంగుల గురించి అని, అంకెల వరసను బట్టి అయ్యవారు చెప్పారు. దాదాపు అన్నీ ఒకే ముసలాయన చెప్పినవి. ఆయన చిన్నప్పటి నుంచి సరస్సులో పడవ నడిపిన మనిషి, పోయిన కార్తీకంలో చనిపోయాడు. ఆయన మనవరాలు మా పదో తరగతిలోనే ఉంది, త్రికోణమితిలో నా చేత రోజూ తిట్లు తినే పిల్ల. వాళ్ళ ఇంటి ముందు చాప వేసి కూర్చోబెట్టారు. ఆయన భార్యకు రొయ్యల రకాలు తెలుసు, ఎండబెట్టే పద్ధతులు తెలుసు. గాలి సంగతి మగవాళ్ళదంది. ఇద్దరు కొడుకులు ఫోనులో వాతావరణం చూసుకుని వేటకి పోతారట. పక్కింటి పెద్దాయన నాలుగు మాటలు చెప్పాడు.

పిల్లని అడిగాను. అది ఇటుక గోడకి ఆనుకుని నిలబడి కాలి బొటనవేలితో ఇసుక గీస్తోంది.

"తాత రోజూ చెప్పేవోడు టీచర్. నేను వినలా."

నేను మాత్రం ఏం విన్నాను గనక.

దొరికిన నాలుగు మాటల్నీ రెండు వందల పన్నెండు నుంచి వేద్దామని తిరుగు ప్రయాణంలో నేను అంటే, అయ్యవారు తల అడ్డంగా ఊపారు. "అవి ఆ పెద్దాయన మాటలు. ఇవి ఈయన మాటలు. ఒకరి చోట ఇంకొకర్ని కూచోబెడతామా? చివరన చేర్చు."

రిటైరవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, నాలుగో నంబరు కంప్యూటర్ ముందు పుస్తకానికి ఆఖరి ప్రతి సిద్ధం చేస్తున్నాను. ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నారు. మిగతా కంప్యూటర్ల దగ్గర పిల్లలు గోల చేస్తున్నారు. రెండు వందల పదకొండు తర్వాత రెండు వందల యాభై నాలుగుకు దూకడం నా కంటికి వికారంగా ఉంది. అంకెలు కలిపేస్తే చూడ్డానికి చక్కగా ఉంటుంది, మీట ఒక్కసారి నొక్కితే చాలు. అదే అన్నాను.

"కలపొద్దు. అంకెలు వెయ్యి, ఒక్కోటి ఒక్కో వరసలో. పక్కన ఏమీ రాయొద్దు."

"ఖాళీగానా సార్?"

"ఖాళీగానే. ఉన్నిందని తెలవాల కదా."

రెండు వందల పన్నెండు అని కొట్టాను. పక్క గడి ఖాళీ. తర్వాత పదమూడు. ఒకేసారి నలభై రెండు అంకెలు నింపడం నాకు తెలుసు, క్షణం పట్టదు. కానీ ఆయన ఒక్కొక్క అంకే పైకి చెబుతున్నారు, చెప్పి కాసేపు ఆగుతున్నారు. నేనూ ఆగాను. పద్దెనిమిది దగ్గర, "ఇది చెప్పిన రోజు వాన. పడవ బోర్లించి దాని కింద కూచున్నాం" అన్నారు. ఇరవై ఆరు దగ్గర, "ఇది చెప్పి ఒకటే నవ్వినాడు. బూతు మాట మాదిరి ఉండాదే, రాసుకుంటావా అయ్యోరా, అని" అన్నారు. కొన్నిటి దగ్గర ఏమీ అనకుండా ముందుకు వెళ్ళారు. వానా, నవ్వూ, బోర్లించిన పడవా అన్నీ ఆయనకి గుర్తున్నాయి. మాట మాత్రం రావడం లేదు. ప్రతి అంకె దగ్గరా పెదవులు కదిపి, మాట కోసం వెతుక్కుని, మానుకుంటున్నారు. నా చేతులు మీటల మీదే ఉన్నాయి. ఏ పనీ ఇంత మెల్లగా చెయ్యలేదు నేను, నా బతుకులో.

రెండు వందల నలభై దగ్గర ఆయన స్టూలు నా దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత పిల్లలకి వినబడకుండా, నా వైపు కొంచెం వంగి అడిగారు.

"ఇన్ని మాటల్లో ఒక్కటన్నా గుర్తు రావాల కదమ్మా. నిజం చెప్పు. డాక్టరు బాగుండావనే చెప్పినాడు. నాకు మతి పోలేదు కదా?"

"పోలేదు సార్" అన్నాను. "అవి మీరు మరిచిపోయినవి కావు. నేను తుడిచేసినవి."

ఆయన తల ఊపారు. కళ్ళద్దాలు సర్దుకుని తెర వైపు తిరిగారు.

"రెండు వందల నలభై ఒకటి" అన్నారు.